బిడ్డల బెంగకు ఒక చికిత్స

మన తెలుగు ఇండ్లలో భయమునకును, దుఃఖమునకును పేర్లు తక్కువ లేవు. బెదురు, గుబులు, దడ, కంగారు, బెంగ, దిగులు, విచారము, నిరాశ. ఇవి యన్నియు ఒకటి కావు. బెదురు ఎదుట నున్న దానిని చూచి కలుగును. అది తొలగినంతనే తొలగును. గుబులు రాబోవు దానిని తలచుకొనుటవలన కలుగును. బెంగ దూరమైన వారిని, దూరమగుదురేమో యనిపించిన వారిని పట్టుకొని యుండును. దిగులు వచ్చి కూర్చున్నచో, ఎందుకని అడిగినను చెప్పుట కష్టము. వైద్యులు ‘యాంగ్జయిటీ’ అనియు, ‘డిప్రెషన్’ అనియు రెండు మాటలలో చెప్పుచున్న దానిని మన భాష ఇన్ని పాయలుగా విడదీసి యుంచినది. ఐనను బిడ్డ వచ్చి వీనిలో ఏ మాట చెప్పినను మనము దానిని బాధగా గణింపము. “ఏమీ కాదులే, పోయి చదువుకో” అని పంపివేయుదుము. జ్వరమన్నచో నుదురు తాకి చూతుము. గుబులన్నచో చేయి విదలించుదుము.

13 ఏండ్ల నుండి 17 ఏండ్ల వయస్సు గల పిల్లలలో నూటికి 7.3 మంది ఏదో యొక మానసిక వ్యాధికి లోనై యున్నారని, బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో కొన్ని రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేక్షణము తేల్చెను. నలుబదిమంది కూర్చుండు తరగతిలో ఇది ఇంచుమించు ముగ్గురు. ఆ ముగ్గు రెవరో ఉపాధ్యాయునికి సాధారణముగా తెలియదు. అల్లరి చేయువాడు కంటబడును గాని, వెనుక బల్లపై నోరు మెదపక కూర్చున్నవాడు కంటబడడు. పైగా వానికి ‘బుద్ధిమంతుడు’ అను బిరుదు కూడ దొరకును.

ఈ బాధలకు మందులు కలవు. మందు లేకుండ మాటలతోను, అభ్యాసముతోను చేయు చికిత్సలును కలవు. వానిలో నేడు మిక్కిలి విరివిగా పరీక్షింపబడిన దానిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అందురు. మనము ఆలోచనా-ప్రవర్తనా చికిత్స యని పిలువవచ్చును. పేరు పెద్దదే గాని దాని మూలసూత్రము మన పెద్దలకు కొత్తది కాదు. మసకచీకటిలో త్రాటిని చూచి పామనుకొన్న వాని కథ వినని తెలుగువాడు లేడు. అక్కడ గుండెదడ నిజము, చెమట నిజము, పరుగు నిజము. పాము మాత్రము నిజము కాదు. వేదాంతులు ఈ దృష్టాంతమును జగత్తును గూర్చి చెప్పుటకు వాడుకొనిరి. మనోవైద్యులు దానిని ఇంకొక మెట్టు సాగదీయుదురు. పరుగెత్తినవాడు మరునాడు ఆ దారిని పోవునా? పోడు. పోనందువలన అది త్రాడని వానికి ఎన్నటికిని తెలియదు. చుట్టుదారి పట్టిన ప్రతి దినమును వాని మనస్సులో ఆ పాము ఒక బెత్తెడు పెరుగును. కనుక దీపము తెచ్చుట ఎంత అవసరమో, ఆ దీపము పట్టుకొని దగ్గరకు పోవుట అంతకంటె అవసరము. ఆలోచనను పరీక్షించుట దీపము వంటిది; భయపడిన చోటికి మెల్లమెల్లగా నడచుట ప్రవర్తన. రెండును కూడినదే ఈ చికిత్స.

చారిత్రకముగా చూచినచో నడక ముందు వచ్చినది, దీపము తరువాత వచ్చినది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్సు అను విదుషీమణి మూడేండ్లైన నిండని ఒక బాలుని గూర్చి వ్రాసెను. అతనిని ఆమె పీటర్ అని పేర్కొనెను. ఆ బిడ్డకు కుందేలనిన హడలు. దూదిని, ఉన్నికోటును, ఈకలను చూచినను అంతే. ఆమె బిడ్డను మందలింపలేదు, ఎగతాళి చేయలేదు, కుందేలును దాచివేయను లేదు. బిడ్డ ఇష్టమైన తినుబండారము తినుచుండగా పంజరములోని కుందేలును గది యొక మూలను ఉంచి, దినదినమునకు కొంచెము కొంచెముగా దగ్గరకు జరిపెను. తుదకు ఆ బాలుడు కుందేలు తన వ్రేళ్ళను కొరుకుచున్నను భయపడకుండ నుండెను. తొంబది తొమ్మిది పాళ్ళ తల్లులకు ఈ ఉపాయము తోచదని చెప్పజాలను. నూతిగట్టును చూచి ఏడ్చు బిడ్డను చంకనెత్తుకొని, బెల్లపుముక్క నోటిలో పెట్టి, రోజు కొక అడుగు ముందుకు పోవు అవ్వలు మన పల్లెలలోను ఉండిరి. జోన్సు చేసిన విశేషము, దానిని కొలిచి వ్రాసి పెట్టుట.

దీపము తెచ్చినవారిలో ముఖ్యుడు ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వైద్యుడు ఆరన్ బెక్. 1921లో పుట్టి 2021లో నూరేండ్లు నిండిన పిమ్మట మరణించెను. 1960 ప్రాంతమున ఆయన దిగులుతో వచ్చిన రోగుల మాటలను వినుచుండగా ఒక సంగతి గమనించెను. వారు పైకి చెప్పుచున్న మాటలకు అడుగున, క్షణములో మెరసి పోవు మరియొక మాటల ధార యుండెను: ‘నేను పనికిమాలినవాడను’, ‘వీరికి నాతో విసుగు పుట్టినది’, ‘ఇక బాగుపడదు’ అని. అడుగనిదే అవి బయటకు రావు. వానిని ఆయన తమంతట తామే వచ్చు తలపులని పేర్కొనెను. ఆల్బర్ట్ ఎల్లిస్ అను మరియొక మనోవైజ్ఞానికుడు అంతకు కొన్నియేండ్ల ముందే ఇట్టి దారిని నడచెను. ఈ రెండు పాయలును కలిపి పిల్లలకు తగునట్లు మలచిన వారిలో ఫిలిప్ కెండాల్ పేరు ముందు చెప్పవలెను. మితిమీరిన భయములు గల 9 నుండి 13 ఏండ్ల పిల్లలు 47 మందిని తీసికొని ఆయన చేసిన పరీక్ష 1994లో వెలువడెను. నేడు పిల్లల కొరకు వాడుచున్న పద్ధతులు చాలవరకు ఆ బాటలోనివే.

ఇప్పుడు మన ఊరికి వత్తము. ఒక బాలికను ఊహించుకొందము. ఈమె ఏ యొక్కరి బిడ్డయు కాదు, ఏ ఇంటిలోనైన నుండదగిన బిడ్డ. ఎనిమిదవ తరగతి. ఇంట తెలుగు, వీథిలో తెలుగు, బడిలో కన్నడము, పుస్తకములలో సగము ఆంగ్లము. ఒకనాడు తరగతిలో కన్నడ పాఠము చదువుచు ఒక మాటను తెలుగు యాసలో పలికెను. నలుగురు నవ్విరి. నాటినుండి సోమవారము ఉదయమున ఆమెకు కడుపునొప్పి. నొప్పి నటన కాదు. భయము కడుపును నిజముగనే మెలిపెట్టును. తల్లి జాలిపడి, “పోనీలే, ఈ దినము ఇంట నుండు” అనును. పది గంటలకు నొప్పి పోవును. తండ్రి సాయంకాలము వచ్చి, “ఒళ్ళు వంగక వేషములు” అని గద్దించును. తల్లి చేసిన దానివలన బిడ్డ నేర్చినది: ఇంట నున్నందుననే బ్రతికితిని, బడి నిజముగా భయంకరమే. తండ్రి చేసిన దానివలన నేర్చినది: నా బాధ చెప్పుకొనుటకు చోటు లేదు. జాలియు, గద్దింపును రెండు వేరు దారులైనను చేరినది ఒక్కచోటికే. మరుసటి సోమవారము నొప్పి ఇంకొంచెము ముందే, ఆదివారము రాత్రియే, మొదలగును.

చికిత్స చేయు నిపుణుడు ముందుగా ఈ చక్రమును బిడ్డకు బొమ్మ గీసి చూపును. నవ్వుదురను తలపు, దానివలన కడుపునొప్పి, దానివలన ఇంట నుండుట, దానివలన తలపు మరింత గట్టిపడుట. ఇది విని చాలమంది పిల్లలు తేరుకొందురు. తమకు పిచ్చి పట్టలేదనియు, దీనికి ఒక నడక యున్నదనియు వారికి తెలియును. పిదప ఒక పుస్తకములో తలపును తలపుగా వ్రాయింతురు. ‘నేను నోరు తెరచిన అందరును నవ్వుదురు.’ దీనిని కాదనుట వైద్యుని పని కాదు. “అట్లు ఆలోచింపకు, మంచిగా ఆలోచించు” అనుట ఈ చికిత్స కానే కాదు. అది గోడపై సున్నము వేయుట వంటిది, పగులు పగులుగనే యుండును. ఆయన విచారణ చేయును. అందరును నవ్విరా? ఎందరు? నవ్విన నలుగురిలో మరునాడు నీతో మాటాడిన వారు ఎవరైన కలరా? అదే తప్పు నీ స్నేహితురాలు చేసినచో నీవేమందువు? నిజముగా మరల నవ్వినచో నీవేమి చేయగలవు? ఈ కడపటి ప్రశ్న ముఖ్యమైనది. నవ్వరని మాట యిచ్చుట ఎవరి తరమును కాదు. నవ్వినను నిలువగలనని బిడ్డ తెలిసికొనుటయే కావలసినది.

అటు పిమ్మట మెట్లు కట్టుదురు. అన్నిటికంటె తక్కువ భయము గల పని మొదటి మెట్టు. ఇంట తమ్ముని ఎదుట కన్నడ పాఠము బిగ్గరగా చదువుట. తరువాత స్నేహితురాలి ఎదుట. తరువాత మధ్యాహ్నపు విరామమున ఉపాధ్యాయిని ఎదుట ఒంటరిగా. తరువాత తరగతిలో చేయి యెత్తి ఒక్క మాటలో జవాబు చెప్పుట. పిదప ఒక వాక్యము, పిదప ఒక పేరా. ప్రతి మెట్టునందును భయము పదింట ఎంతయని బిడ్డయే అంకె వేయును. ఎనిమిది యనుకొన్నది నిలిచి చూచిన ఐదగును, మరల చేసిన మూడగును. మెట్టు మధ్యనుండి పారిపోరాదు. భయము కొంచెమైన దిగువరకు నిలువవలెను. అందుకే మొదటి మెట్టు చిన్నదిగా నుండవలెను. మనలో కొందరు తండ్రులు ధైర్యము నేర్పుటకై ఈత రాని పిల్లవానిని బావిలోనికి త్రోయుదురు. కొందరు బ్రతికి ఈత నేర్తురు, కాని నీరనిన జీవితాంతము ఒళ్ళు జలదరించు వారిని మనమందరము ఎరుగుదుము.

నవ్విన పిల్లల సంగతి యేమి అని పాఠకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. యాసను చూచి నవ్వు తరగతిలో బిడ్డ తలపును మాత్రమే సరిదిద్దుట సగము పని. మిగిలిన సగము ఉపాధ్యాయునిది. అట్లే, బోరుబావి యెండి అప్పు పెరిగిన ఇంటిలో బిడ్డకు కలుగు గుబులు పొరపాటు తలపు కాదు. కొట్టు ఇంటిలోని భయము త్రాడు కాదు, పామే. చదువు మాన్పించి పెండ్లి చేయుదురేమో యని దిగులుపడు బాలికకు ఆలోచనా విధానమును నేర్పబోవుట అన్యాయము. ఆమెకు కావలసినది ఆ పెండ్లి ఆగుట. మంచి నిపుణుడు మొదట ఈ తేడాను చూచును. నిజమైన కష్టమున్న చోట తలపులను ప్రక్కకు పెట్టి, సమస్యను ముక్కలు చేసి చేయదగిన దానిని వెదకు పద్ధతిని పట్టును. ఢిల్లీలో ఆరు ప్రభుత్వ పాఠశాలలలో 250 మంది విద్యార్థులపై ఇట్టి పద్ధతిని పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. అక్కడ పనిచేసినవారు వైద్యులు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన సాధారణ సలహాదారులు. పిల్లలు తామే చెప్పిన సమస్యల భారము ఆరు వారములలో తగ్గినది. వ్యాధిలక్షణముల కొలతలో మాత్రము ఆ కాలమునకు స్పష్టమైన తేడా కనబడలేదు. కొద్దిదే ఐనను, వైద్యులు అరుదైన మన వంటి ఊళ్ళకు ఇది లెక్కింపదగిన ఫలితమని నా అభిప్రాయము.

తల్లిదండ్రుల పాత్రను గూర్చి ఇంకొక మాట చెప్పవలెను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఎలీ లెబోవిట్జ్ అను పరిశోధకుడు 124 మంది పిల్లల కుటుంబములతో ఒక పరీక్ష చేసెను. సగము కుటుంబములలో చికిత్స పిల్లలకు. మిగిలిన సగములో పిల్లలను అసలు చూడకుండ తల్లిదండ్రులకే శిక్షణ. ఫలితములో రెండును సమానముగా నిలిచెను. తల్లిదండ్రులకు నేర్పినది రెండే సంగతులు: బిడ్డ భయమును అంగీకరించి మాటాడుట, ఆ భయమునకు తాము చేయుచున్న ఊడిగమును క్రమముగా తగ్గించుట. ఊడిగమనగా ఏమి? బిడ్డకు బదులుగా అంగడిలో మనమే మాటాడుట, రాత్రి పదిసారులు “ఏమీ కాదు గదా?” యని అడిగిన పదిసారులును “కాదు” అనుట, బంధువులు వచ్చిన బిడ్డను లోపలి గదిలో దాచుట. ఇవి ప్రేమతో చేసినవే. కాని ప్రతిసారియు బిడ్డకు చేరు సందేశము, నీకు చేతగాదని. మానవలసిన తీరు కూడ కలదు. ఒక్కసారిగా కాదు, చెప్పకుండ కాదు. “నీకు భయముగా నున్నదని నాకు తెలియును. నీవు తట్టుకొనగలవనియు నాకు తెలియును. రేపటినుండి ఈ ప్రశ్నకు నేను ఒక్కసారియే జవాబు చెప్పుదును” అని ముందుగా చెప్పి, చెప్పినట్లు నడువవలెను. మొదటి వారము ఇల్లు కొంత రణరంగమగును. అది సహజము.

దిగులు సంగతి కొంచెము వేరు. భయపడిన బిడ్డ పారిపోవును. దిగులుపడిన బిడ్డ ముడుచుకొనును. పెద్దవారివలె ఏడ్చుచు కూర్చుండునని ఎదురుచూడరాదు. ఈ వయస్సున దిగులు తరచుగా చిరాకు వేషమున వచ్చును. మాటకు మాట ఎదురు చెప్పుట, ఆటకు పోకుండుట, తెల్లవార్లు మేలుకొని పగలు నిద్రించుట, తిండి తగ్గుట, నిన్నటివరకు ప్రాణమైన క్రికెట్టో పాటయో రుచింపకుండుట, మార్కులు జారుట. ఇవి రెండు వారములకు మించి ఇంచుమించు ప్రతిదినమును కనబడినచో ‘వయసు పొగరు’ అని తేల్చివేయరాదు. ఇక్కడ చికిత్స మొదట తలపుల జోలికి పోదు. పనితో మొదలు పెట్టును. మనస్సు బాగుపడిన పిమ్మట లేచి పని చేయుదునని బిడ్డ అనుకొనును. లేచి చేసిన చిన్న పనివలననే మనస్సు కొంత కదలునని నిపుణుడు చూపును. ఉదయమున పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయుట కావచ్చును, స్నేహితునితో చెరువుకట్టవరకు నడక కావచ్చును. చేయుటకు ముందు మనస్సు ఎట్లున్నది, చేసిన పిదప ఎట్లున్నది యని అంకె వేయించి, ఆ అంకెలనే బిడ్డకు సాక్ష్యముగా పెట్టుదురు. తలపుల విచారణ పిదప వచ్చును. ‘ఎస్.ఎస్.ఎల్.సి. తప్పితినా, నా బ్రతుకు ముగిసినట్లే’ అను తలపు మన పిల్లలలో ఎంత సామాన్యమో చెప్పనక్కరలేదు. 2024లో కర్ణాటక పరీక్షామండలి ఆ పరీక్షను మూడు పర్యాయములు నిర్వహించి, వానిలో మంచి మార్కులను నిలుపుకొను వీలు కల్పించినది. ఇట్టి సంగతులు పుస్తకములో ఎదుటి వరుసలో వ్రాయదగినవి. అట్టి తలపును పిల్లలకు నేర్పిన వారెవరని మాత్రము అడుగకుండుట మేలు. ఫలితముల దినమున మన ఇండ్లలో జరుగు సంభాషణలు మనకు తెలియనివి కావు.

ఈ చికిత్స ఎంతమందికి పనిచేయును? గొప్పలు చెప్పుట వైద్యమునకు మేలు కాదు గనుక అంకెలనే ఇచ్చెదను. 2008లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరీక్షలో ఆందోళన గల 488 మంది పిల్లలను నాలుగు భాగములు చేసిరి. పండ్రెండు వారముల పిదప, ఈ చికిత్స పొందిన వారిలో నూటికి 59.7 మందియు, సెర్‌ట్రలిన్ అను మందు పొందిన వారిలో 54.9 మందియు, రెండును పొందిన వారిలో 80.7 మందియు, ఉత్తుత్తి మాత్ర పొందిన వారిలో 23.7 మందియు బాగుగా తేరుకొనిరి. దిగులు విషయమున ఫలితము ఇంత ఉజ్జ్వలము కాదు. 2004 నాటి పరీక్షలో తీవ్రమైన దిగులు గల 439 మంది కిశోరులలో, పండ్రెండు వారములకు ఈ చికిత్స ఒక్కటే పొందినవారు 43.2 పాళ్ళు, ఉత్తుత్తి మాత్ర పొందినవారు 34.8 పాళ్ళు బాగుపడిరి. ఈ తేడా లెక్కకు నిలువదు. ఫ్లూయాక్సెటిన్ మందు పొందినవారు 60.6, రెండును పొందినవారు 71 పాళ్ళు. కాని 36 వారముల వరకు కొనసాగించి చూడగా మాటల చికిత్స పొందినవారు మందు పొందిన వారిని అందుకొనిరి. కనుక మందు వలదని పట్టుబట్టుటయు, మందు ఒక్కటే చాలుననుటయు రెండును తప్పే. మందులు మొదలిడిన తొలి వారములలో కొందరు పిల్లలలో ఆత్మహత్యా తలపులు పెరుగవచ్చునని 2004లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. అందుచేత డాక్టరు చూపు క్రింద తప్ప, అంగడిలో అడిగి మాత్రలు కొనరాదు. మొదలిడిన వానిని మనంతట మనము ఆపనురాదు.

మన సంఘము భాషా విషయమున పాటుపడునది గనుక, ఈ సంచికలో చెప్పదగిన అసలు సంగతికి వచ్చుచున్నాను. ఈ చికిత్స పనిముట్టు మాట. క్షణములో మెరసి పోవు తలపును పట్టుకొనుటయే దాని తొలి పని. మంచేనహళ్ళి బిడ్డకు ఆ తలపు ఏ భాషలో వచ్చును? బాగేపల్లి, చింతామణి పల్లెల బిడ్డకు ఏ భాషలో వచ్చును? ఇంటి భాషలో వచ్చును. తుర్కీ భాష తల్లిభాషగా గల, ఆంగ్లము తరువాత నేర్చిన వారికి రెండు భాషలలోను మాటలు వినిపించి, చర్మముపై కలుగు సూక్ష్మమైన చెమట మార్పును కొలిచి 2003లో ఒక పరిశోధన ప్రకటించిరి. చిన్ననాటి మందలింపులు తల్లిభాషలో వినబడినపుడు ఒళ్ళు ఎక్కువగా స్పందించెను. అవే మాటలు నేర్చిన భాషలో వచ్చినపుడు అంతగా లేదు. మనకు యంత్రము అక్కరలేని సంగతి ఇది. “సిగ్గు లేదా నీకు?” అను మాట తెలుగులో తగిలిన చోట ఇంకే భాషలోను తగులదు.

కనుక, వైద్యుని ఎదుట కూర్చున్న బిడ్డను “మనసులో ఏమున్నది?” అని కన్నడములోనో ఆంగ్లములోనో అడిగినచో, బిడ్డ మొదట తర్జుమా చేయును. తర్జుమాలో ‘గుబులు’ పోయి ‘భయ’ మిగులును. ‘బెంగ’ పోయి ‘బేజారు’ మిగులును. వైద్యుడు మంచివాడే, బిడ్డ నిజమే చెప్పినది, ఐనను చికిత్స పట్టుకొనవలసిన మాట ఇంటనే ఉండిపోయినది. ఇది ఏ భాషపైనను ఫిర్యాదు కాదు. మన బిడ్డలు కన్నడము చక్కగా నేర్వవలెను, నేర్చుచున్నారు. రాజ్యాంగపు 350-ఎ అధికరణము ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించు వసతులను గూర్చి చెప్పినది. బడి విషయమున దానిని మనము తరచుగా ఉదహరింతుము. ఆసుపత్రి విషయమున ఉదహరింపదగినది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. చికిత్సను గూర్చిన సమాచారమును రోగికి అర్థమగు భాషలో తెలుపవలెనని అది విధించుచున్నది. పోయినపుడు సంకోచింపక, “బిడ్డకు తెలుగులో చెప్పుకొనుట సులభము” అని అడుగుడు. ఈ జిల్లాలో పనిచేయు వైద్యసిబ్బందిలో తెలుగు తెలిసినవారు అరుదు కారు. అడుగనందువలననే వారు మాటాడరు. పుస్తకములో వ్రాయు తలపులను సైతము బిడ్డ ఇష్టమైన భాషలో, యాసతో సహా, వ్రాయనిండు. తెలుగు అక్షరములు రాని బిడ్డ కన్నడ లిపిలో తెలుగు మాటలు వ్రాసినను చాలును. ఇది వ్యాకరణ పరీక్ష కాదు.

ఎక్కడికి పోవలెనను ప్రశ్నకు జవాబు ఒకప్పటికంటె నేడు సులభము. బెంగుళూరులో 1954లో అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడినది. 1974లో అది అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలతో కలిసి నిమ్‌హాన్స్ ఐనది. పిల్లలకు ప్రత్యేక విభాగము అక్కడ కలదు. అంత దూరము పోవుటకు ముందు, చిక్కబళ్ళాపురములోని జిల్లా ఆసుపత్రిలో విచారింపవచ్చును; జిల్లా మానసిక ఆరోగ్య పథకము ఇట్టివారి కొరకే ఏర్పడినది. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలీ-మానస్ అను టెలిఫోను సేవను ఆరంభించినది. దాని సంఖ్య 14416. రుసుము లేదు, రాత్రింబవళ్ళు పనిచేయును, తెలుగులోను కన్నడములోను మాటాడవచ్చును. బిడ్డయే చేయనక్కరలేదు, ఏమి చేయవలెనో తెలియని తల్లియైనను తండ్రియైనను చేయవచ్చును. వెళ్ళిన చోట “మీరు పిల్లలకు ఆలోచనా-ప్రవర్తనా చికిత్స చేయుదురా? ఎన్ని వారములు? ఇంట మేము చేయవలసినదేమి?” అని అడుగుడు. సాధారణముగా వారమునకు ఒకమారు చొప్పున పండ్రెండు నుండి పదునారు వారములు పట్టును. ఇంటిపని ఇవ్వక, వచ్చిన ప్రతిసారియు ధైర్యవచనములు మాత్రము చెప్పి పంపినచో అది ఈ చికిత్స కాదని తెలిసికొనుడు. దిష్టి తీయించిన, దేవుని మ్రొక్కిన తప్పు లేదు. వానికొరకు వైద్యమును వాయిదా వేయుటయే తప్పు.

తుదకు, ఆలస్యము పనికిరాని సందర్భ మొకటి కలదు. బిడ్డ “నేను లేకుండిన బాగుండును” అని అన్నను, అట్లు వ్రాసినను, తన ప్రియమైన వస్తువులను ఉన్నట్టుండి పంచిపెట్టినను, దానిని బెదిరింపుగా తీసికొనరాదు, తిట్టరాదు. ప్రక్కన కూర్చుండి, “చచ్చిపోవలెనని అనిపించుచున్నదా?” అని తిన్నగా అడుగవచ్చును. అడిగినందువలన లేని తలపు పుట్టదు. చెప్పుకొనుటకు దారి దొరకును. ఆ బిడ్డను ఒంటరిగా విడువరాదు. సేద్యము చేయు ఇండ్లలో పురుగుమందు డబ్బాలు అటుకపైననో, మంచము క్రిందనో ఉండుట పరిపాటి. వానిని ఆ దినమే ఇంటినుండి తీసివేసి, తాళము గల చోట, తాళపుచెవి పెద్దలవద్ద నుండునట్లు ఉంచవలెను. ఆ రాత్రియే 14416కు ఫోను చేయవలెను, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఉదయము చూతమని ఆగరాదు. బడికి కారణము తెలుపుట ఇష్టము లేకున్నచో, జ్వరమని వ్రాసి పంపినను ఉపాధ్యాయులు అడ్డుచెప్పరు.